జొన్న బీరుకు గిరాకీ ఎక్కడుంది, ఎంతవరకు నిలుస్తుంది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: రోజుకు వెయ్యి లీటర్లు తీసే చిన్న బ్రూవరీ పెట్టి, బార్లీ బదులు జొన్నతో బీరు చేస్తే కొనేవాళ్లు ఉంటారా? ఈ మార్కెట్ ముందు ముందు పెరుగుతుందా? డబ్బు పెట్టకముందే గిరాకీని అంచనా కట్టడం ఎలా?

సూటిగా చెప్తాను. గిరాకీ ఉంది. అయితే జొన్నతో చేశారన్న ఒక్క కారణానికి బీరు కొనేవాళ్లు చాలా తక్కువ. ప్రపంచంలో జొన్న బీరు బాగా అమ్ముడైన ప్రతిచోటా దాని వెనక మూడింటిలో ఒక కారణం కనిపిస్తుంది: ఆ చిక్కటి పుల్లటి రుచికి తరతరాలుగా అలవాటుపడ్డ జనం, లేదా పన్ను తగ్గి దిగొచ్చిన ధర, లేదా గ్లూటెన్ (గోధుమ, బార్లీ లాంటి ధాన్యాల్లో ఉండే ప్రోటీన్) పడనివాళ్ల అవసరం. ఈ మూడూ మూడు వేర్వేరు వ్యాపారాలు. యంత్రాలు వేరు, ప్యాకింగ్ వేరు, కొనేవాడు వేరు. వీటిలో ఏది మీదో తేల్చుకోకుండా 'జొన్న బీరు మార్కెట్ ఎంత' అని లెక్క వేస్తే ఆ అంకె ఎందుకూ పనికిరాదు.

మొదటిది చిక్కటి బీరు. మడ్డితో కలిసి తెల్లగానో లేత గులాబీ రంగులోనో కనిపించే ఈ బీరు ఆఫ్రికాది. దక్షిణాఫ్రికాలో ఉమ్‌కోంబోతి, బుర్కినా ఫాసోలో డోలో, ఘానాలో పీటో, నైజీరియాలో బురుకుటు, రువాండాలో ఇకిగాగె అంటారు. జింబాబ్వే, జాంబియా, బోట్స్వానాల్లో ఫ్యాక్టరీలో తయారై చిబుకు పేరుతో అమ్ముడవుతుంది. ఆల్కహాలు తక్కువ, సుమారు 2 నుంచి 4 శాతం. పులుపు లాక్టిక్ ఆమ్లానిది, పీహెచ్ (పులుపు కొలత, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 3.3 నుంచి 3.5 దగ్గర ఉంటుంది. అడుగున పిండి పేరుకుంటుంది కాబట్టి తాగేముందు ప్యాకెట్‌ను గట్టిగా కుదపాలి. చిబుకు అట్టపెట్టెకు 'షేక్ షేక్' అన్న ముద్దుపేరు వచ్చింది అందుకే.

ఇక్కడ గిరాకీ కొత్తగా పుట్టించాల్సిన పని లేదు, ఎప్పటినుంచో ఉంది. చిక్కంతా కాలంతో. ఈ బీరు అమ్ముడయ్యేటప్పుడు కూడా పులుస్తూనే ఉంటుంది. మొదటి రోజు కాస్త తియ్యగా, పిండి వాసనతో ఉంటుంది. రెండో మూడో రోజుకు పులుపూ ఆల్కహాలూ సమపాళ్లలోకి వస్తాయి. ఐదో రోజు దాటితే వెనిగర్ వాసన మొదలవుతుంది. లోపల గ్యాస్ పుడుతూనే ఉంటుంది కనుక ప్యాకెట్‌కు చిన్న రంధ్రం ఉంచాలి. బిగుతుగా మూసేస్తే ఉబ్బి పగులుతుంది. కాబట్టి మీ మార్కెట్ విస్తీర్ణం ఎంతంటే, ఒక్కరోజులో బండి వెళ్లి రాగలిగినంత. అంతకు మించి దూరం పంపితే తిరిగొచ్చే సరుకే లాభాన్ని మింగేస్తుంది. అదీగాక మీకు పోటీ ఇంకో కంపెనీ కంటే ఎక్కువగా ఇంట్లో కాచి అమ్మే ఆడవాళ్లే. వాళ్లకు పన్ను లేదు, బండి ఖర్చు లేదు, సరుకు ఎప్పుడూ తాజా. ధరలో వాళ్లను కొట్టలేరు. ప్రతిరోజూ ఒకే రుచి, శుభ్రత, నమ్మకం, ఈ మూడింటితోనే గెలవాలి.

ఈ కాలపరిమితిని దాటడానికి జింబాబ్వేలో డెల్టా కార్పొరేషన్ చేసిన పని గమనించదగ్గది. పాశ్చురైజ్ చేసి (వేడితో క్రిములను చంపి), గ్యాస్ నింపి, మూత బిగించే ప్లాస్టిక్ సీసాలో 'చిబుకు సూపర్' తెచ్చారు. నిల్వ రోజుల నుంచి వారాలకు పెరిగింది. దుకాణదారుకు భయం పోయింది, దూరపు ఊళ్లు అందుబాటులోకి వచ్చాయి. ఈ బీరుకు భవిష్యత్తు ఈ దారిలోనే ఉందని నా అభిప్రాయం. కాకపోతే పాశ్చురైజేషన్, సీసాలు నింపే లైను కలిపితే పెట్టుబడి బీరు కాచే సామాను ఖర్చును మించిపోతుంది. రోజుకు వెయ్యి లీటర్లకు అది గిట్టదు.

రెండోది తక్కువ ధర లాగర్. చూపుకు మామూలు బీరే, తేట బంగారు రంగు. దీని చరిత్రంతా ప్రభుత్వ నిర్ణయాల చుట్టూ తిరిగింది. నైజీరియా 1988 జనవరి నుంచి బార్లీ మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన గింజ) దిగుమతిని నిషేధించింది. బ్రూవరీలు గత్యంతరం లేక జొన్న, మొక్కజొన్నల వైపు మళ్లాయి. 1990ల చివర్లో నిషేధం ఎత్తేశాక కూడా జొన్న పోలేదు. ఈలోగా యంత్రాలు మారాయి, తాగేవాళ్ల నాలుక అలవాటుపడింది, విదేశీ మారకం ఖర్చు ఎటూ ఉంది. ఉగాండాలో నైల్ బ్రూవరీస్ 2002లో ఈగిల్ లాగర్ తెచ్చింది. స్థానిక జొన్నతో, ముఖ్యంగా ఎపురిపుర్ అనే తెల్ల రకంతో చేసినందుకు దానిపై ఎక్సైజ్ సుంకం మిగతా బీర్లకంటే బాగా తక్కువ వేశారు. ఆ తేడా ధరలో కనిపించింది, బీరు నిలబడింది.

కెన్యా కథ మీరు తప్పకుండా గుర్తుంచుకోవాలి. అక్కడ నాటుసారాకు ప్రత్యామ్నాయంగా 2004లో సెనేటర్ కెగ్ వచ్చింది. పీపాల్లోంచి మగ్గుల్లో పోసి అమ్మే చౌక బీరు. ఆ తర్వాత అందులో జొన్న ముఖ్యమైన ముడిసరుకు అయింది, వేలమంది రైతులు గడం రకం వేశారు. 2013లో సుంకం రాయితీని సగానికి తగ్గించారు. ధర పెరగగానే అమ్మకాలు కుప్పకూలాయి. తాగేవాళ్లు మళ్లీ సారా వైపు పోయారు, రైతుల దగ్గర జొన్న మిగిలిపోయింది. 2015లో రాయితీని 90 శాతానికి పెంచాక గానీ బీరు కోలుకోలేదు. ఈ రెండేళ్లలో రుచి మారలేదు, పేరు మారలేదు, ధర ఒక్కటే మారింది.

ఎందుకలా అవుతుందో ఒక ఊహా లెక్కతో చూపిస్తాను. అమ్మకం ధర 100 అనుకుందాం. అందులో సుంకం 40, పంపిణీదారు, దుకాణదారు వాటా 25, ప్యాకింగ్, రవాణా 15, తయారీ 12, ధాన్యం 8. బార్లీ తీసేసి జొన్న వేస్తే ధాన్యం ఖర్చులో పావు వంతు తగ్గిందనుకోండి. మిగిలేది 2. అదే సుంకం సగానికి తగ్గితే మిగిలేది 20. అంటే జొన్న చౌక కాబట్టి బీరు చౌక అవుతుందన్న వాదన దాదాపు ఉత్తదే. జొన్న వాడితే పన్ను తగ్గుతుందా లేదా అన్నదే అసలు ప్రశ్న. మీ దగ్గరి ఎక్సైజ్ నిబంధనల్లో స్థానిక ధాన్యానికి రాయితీ లేకపోతే ఈ రెండో దారి మీకు మూసుకుపోయినట్టే. ఉన్నా, ఆ రాయితీ సగమైన రోజున మీ లెక్కలు ఎలా ఉంటాయో ఇప్పుడే కాగితం మీద వేసి చూడండి. అప్పుడూ నష్టం రాకపోతేనే దిగండి.

ఈ రకంలో ఇంకో సంగతి. తాగేవాడి రాబడి పెరిగితే అతను జొన్న లాగర్ వదిలి పేరున్న బార్లీ బీరుకు మారతాడు. రాబడి తగ్గితే పైనున్నవాడు కిందికి దిగి మీ దగ్గరికి వస్తాడు. అందుకే అమ్మకాలు నెల మొదటి వారంలో ఒకలా, చివరి వారంలో ఒకలా ఉంటాయి. ఏడాది సగటు చూసి ట్యాంకులు కొంటే తప్పు చేస్తారు. వారం వారం లెక్క రాయాలి.

మూడోది గ్లూటెన్ లేని బీరు. చిన్న బ్రూవరీకి నేను ముందుగా చూడమనేది ఇదే. సీలియాక్ వ్యాధి (గ్లూటెన్ తింటే చిన్నపేగు దెబ్బతినే జబ్బు) జనాభాలో దాదాపు 1 శాతం మందికి ఉంటుంది. వాళ్లు బార్లీ, గోధుమ, రై అనే ధాన్యం ముట్టకూడదు. జొన్నలో ఆ గ్లూటెన్ లేదు. అమెరికాలో మిల్వాకీకి చెందిన లేక్‌ఫ్రంట్ బ్రూవరీ న్యూ గ్రిస్ట్ పేరుతో ఈ దారి తెరిచింది. 2006 చివర్లో ఆన్‌హైజర్ బుష్ రెడ్‌బ్రిడ్జ్ తెచ్చింది. అంత పెద్ద కంపెనీ దిగిందంటేనే గిరాకీ నిజమని అర్థం. కానీ అది ఎంత సన్నదో కూడా లెక్క కట్టాలి.

పది లక్షల జనాభా ఉన్న నగరం తీసుకోండి. 1 శాతం అంటే 10,000 మంది. పెద్దవాళ్లు 7,000 అనుకుందాం. వాళ్లలో వ్యాధి ఉందని తెలిసినవాళ్లు పావు వంతు అనుకుంటే 1,750. అందులో మూడో వంతు బీరు తాగుతారనుకుంటే 580 మంది చిల్లర. మనిషికి నెలకు 4 లీటర్లు వేసుకుంటే నెలకు దాదాపు 2,300 లీటర్లు. మీరు అనుకున్న సామర్థ్యానికి ఇది రెండున్నర రోజుల పని కూడా కాదు! ఈ భాగాలన్నీ ఊహలే, మీ దగ్గరి అంకెలు వేసుకోండి. కానీ అంకె ఏ స్థాయిలో ఉంటుందో తెలుస్తుంది కదా. దీనికి రెండు విషయాలు కలపాలి. ఒకటి, వ్యాధి లేకపోయినా గ్లూటెన్ మానేసినవాళ్లు కొందరుంటారు, వాళ్లు నిలకడగా కొనరు. రెండోది ఇంకా విలువైనది: ఆరుగురు స్నేహితుల్లో ఒకరికి గ్లూటెన్ పడకపోతే, ఆ ఒక్కరికి తాగడానికి ఏముందన్నదాన్ని బట్టే ఆరుగురూ ఎక్కడ కూర్చోవాలో తేలుతుంది. బారు యజమానికి మీ బీరు అమ్మేటప్పుడు చెప్పాల్సిన మాట ఇది. ఆయన మీ సీసా మీద లాభం చూడడు, ఆ బల్ల మొత్తం బిల్లు చూస్తాడు.

ఈ వ్యాపారంలో నమ్మకం ఒక్కసారి పోతే తిరిగిరాదు. కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ) ప్రమాణం ప్రకారం 'గ్లూటెన్ లేనిది' అనాలంటే కిలోకు 20 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. అమెరికా ఆహార ఔషధ సంస్థ 2013లో ఇదే హద్దు పెట్టింది. పులియబెట్టిన సరుకుల్లో గ్లూటెన్ ముక్కలై పరీక్షకు సరిగ్గా దొరకదు కాబట్టి, పులియకముందే ముడిసరుకు శుభ్రమైనదని రికార్డులు చూపాలని 2020లో చేర్చింది. అందువల్ల బార్లీ బీరుకు ఎంజైము వేసి గ్లూటెన్ తగ్గించినవాళ్లు అక్కడ ఆ మాట వాడుకోలేరు. జొన్నకు ఇది పెద్ద బలం. ఆచరణలో తప్పు జరిగేది మూడు చోట్ల: బార్లీ మరపట్టిన మిల్లులోనే జొన్న పట్టడం, బార్లీ బీరు ట్యాంకు అడుగున తీసిన ఈస్ట్‌ను జొన్న బీరుకు వాడటం, బారులో ఉమ్మడి గొట్టంలోంచి పోయడం. మిల్లు వేరుగా ఉండాలి, ఈస్ట్ పొడి ప్యాకెట్‌ది కొత్తగా వేయాలి, బీరు సీసాలోనో డబ్బాలోనో వెళ్లాలి.

ఇక రుచి. మొదటిసారి కుతూహలంతో కొన్నవాళ్లు రెండోసారి రాకపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ సాంకేతికమే. మార్కెట్ లేదనుకుని మూసేసేవాళ్లలో చాలామందికి నిజానికి మాషింగ్ (పిండిని వేడినీటిలో ఉంచి చక్కెరగా మార్చే పని) కుదరలేదు. అందుకే ఈ భాగం కాస్త వివరంగా రాస్తున్నాను.

గింజ ఎంపిక. పిట్టలు తినకుండా పెంచే ఎర్ర, గోధుమ రంగు రకాల్లో టానిన్ ఉంటుంది. అది ఎంజైముల పని ఆపుతుంది, నాలుక మీద వగరు మిగులుస్తుంది. పైరంగు చూసి మోసపోకండి, ఎర్రగా ఉండి టానిన్ లేని రకాలూ ఉన్నాయి. బ్లీచ్ పరీక్ష చేయండి: 3.5 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో 5 శాతం కాస్టిక్ సోడా కలిపిన ద్రావణంలో వంద గింజలు వేసి, గది వేడిలోనే (20 నుంచి 30 డిగ్రీలు) 20 నిమిషాలు ఉంచి, కడిగి చూడండి. పైతొక్క కరిగిపోతుంది. టానిన్ ఉన్న గింజ నల్లగా బొగ్గుముక్కలా నిలుస్తుంది, లేనిది తెల్లగానో పసుపుగానో మారుతుంది. చేతికి తొడుగు, కళ్లకు అద్దాలు లేకుండా చేయొద్దు. లాగర్‌కైతే వందలో నల్లవి రెండు మూడు దాటితే ఆ బస్తాలు వెనక్కి పంపేయండి.

పిండి ఉడకడం. జొన్న పిండిపదార్థం 68 నుంచి 78 డిగ్రీల మధ్య ఉడుకుతుంది. బార్లీది 60 చుట్టుపక్కలే ఉడుకుతుంది. బార్లీ మాల్ట్ అలవాటున్నవాళ్లు 65 డిగ్రీల దగ్గర ఆపేసి, చక్కెర రాలేదని గింజను తిడతారు. పైగా జొన్న మాల్ట్‌లో పిండిని చక్కెరగా మార్చే బీటా ఎమైలేజ్ అనే ఎంజైము బాగా తక్కువ. మాల్ట్ చేయని జొన్నతో నమ్మకంగా పనిచేసే వరుస ఇది: కిలో మెత్తటి పిండికి 3 లీటర్ల నీళ్లు, కాల్షియం కలిపి, ప్రోటియేజ్‌తో (ప్రోటీన్లను విరగ్గొట్టే ఎంజైము) 50 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు. వేడి తట్టుకునే ఆల్ఫా ఎమైలేజ్ (గంజిని పలచన చేసే ఎంజైము) వేసి, కలుపుతూ 85 నుంచి 90 డిగ్రీలకు తీసుకెళ్లి 45 నుంచి 60 నిమిషాలు. తర్వాత 60 డిగ్రీలకు దించి, పీహెచ్ 5.3 దగ్గరికి తెచ్చి, గ్లూకోఎమైలేజ్‌తో (మిగతా పిండిని చక్కెరగా మార్చే ఎంజైము) గంటన్నర. అయోడిన్ చుక్క వేస్తే నీలం రాకూడదు. ఆల్ఫా ఎమైలేజ్ వేయకుండా వేడి పెంచితే 75 డిగ్రీల దగ్గర గంజి బిగుసుకుని కలిపే రెక్క ఆగిపోతుంది. ఎంజైము మోతాదు డబ్బా మీద రాసినట్టే వేయండి. గ్లూకోఎమైలేజ్ ఎక్కువైతే బీరు నీళ్లలా పలచనవుతుంది, 'ఇందులో ఏమీ లేదు' అంటారు తాగినవాళ్లు.

బయటి ఎంజైములు వద్దనుకుంటే మాల్ట్‌తోనే చేసే పాత పద్ధతి ఉంది. డోలో చేసే ఆడవాళ్లు నడిపేది ఇదే సూత్రం మీద. 45 డిగ్రీల నీళ్లలో మాల్ట్ కలిపి కాసేపు వదిలేస్తే ఎంజైములు పైనీటిలోకి దిగుతాయి. ఆ తేటను తీసి పక్కన పెట్టి, అడుగు ముద్దను బాగా ఉడికించి, 65 డిగ్రీలకు చల్లార్చి, తేటను మళ్లీ కలపాలి. తేట త్వరగా తేరుకోవడానికి అక్కడ బెండ జిగురో గ్రూవియా అనే చెట్టు బెరడు జిగురో వేస్తారు.

మాల్ట్ మీరే చేస్తే రెండు జాగ్రత్తలు. మొలకలో, వేరులో డురిన్ అనే పదార్థం నుంచి సైనైడ్ పుడుతుంది. ఎండాక మొలకలు, వేళ్లు రుద్ది పూర్తిగా తీసేయాలి. మొలకెత్తే 25 నుంచి 30 డిగ్రీల వేడి బూజుకూ ఇష్టమే, రోజుకు రెండుసార్లు తిరగేయకపోతే మధ్యలో ఆకుపచ్చ గడ్డలు కడతాయి. అలాంటి ముద్దను ఏరి వాడటం కాదు, పారేయడమే.

మిగతావి క్లుప్తంగా. జొన్నకు పొట్టు లేదు కాబట్టి వడపోత మూసుకుపోతుంది, వరి ఊక కలపాలి లేదా మాష్ ఫిల్టర్ (గుడ్డల మధ్య ఒత్తి వడగట్టే యంత్రం) ఉండాలి. ఈస్ట్‌కు కావాల్సిన నత్రజని తక్కువ, పోషకం వేయకపోతే పులియడం మధ్యలో ఆగి తీపి మిగులుతుంది. నురుగు త్వరగా చచ్చిపోతుంది. గ్లాసులో నురుగు లేకపోతే బీరు పాతదని జనం అనుకుంటారు, మీరెంత తాజాగా ఇచ్చినా సరే.

గిరాకీ అంచనా. 'జొన్న బీరు కొంటారా' అని సర్వే చేయొద్దు. అందరూ అవుననే అంటారు. దానికి బదులు రెండు పనులు చేయండి.

మొదటిది మూడు గ్లాసుల పరీక్ష. రెండు గ్లాసుల్లో ఒకే బీరు, మూడోదాంట్లో ఇంకో బీరు. ఆ రెండు బీర్లు: జనం ఇప్పుడు తాగుతున్న లాగర్, మీ జొన్న లాగర్. రంగు తెలియని గ్లాసులు, ఒకే చల్లదనం, వరుస ప్రతి ఒక్కరికీ మార్చాలి. వేరుగా ఉన్నది ఏదో చెప్పమనండి. 30 మందిలో ఊరికే ఊహించినా పదిమంది సరిగ్గా చెప్తారు. 15 లేదా అంతకు మించితే తేడా నిజంగా తెలుస్తోందని అర్థం. తక్కువ ధర లాగర్ చేస్తుంటే మీకు కావాల్సింది తేడా తెలియకపోవడం. గ్లూటెన్ లేనిదైతే తేడా తెలిసినా ఫర్వాలేదు, గ్లాసు పూర్తిగా ఖాళీ అయిందా, రెండోది అడిగారా అన్నది చూడండి. ఒక్క గుటక రుచి చూపించి మెచ్చుకోలు రాసుకోవడం అన్నిటికన్నా పెద్ద మోసం. జొన్న బీరు లోపం సగం గ్లాసు తర్వాత, కాస్త వెచ్చబడ్డాక బయటపడుతుంది.

రెండోది ఆరువారాల అమ్మకం. నాలుగైదు చోట్ల పూర్తి ధరకు, రాయితీ లేకుండా పెట్టండి. మొదటి రెండు వారాల అంకెలు పక్కన పడేయండి, అది కుతూహలం. మూడో వారం నుంచి ఆరో వారం దాకా దుకాణదారు తనంతట తాను ఫోన్ చేసి మళ్లీ ఎన్ని పెట్టెలు అడిగాడో, అదే మీ గిరాకీ.

ధాన్యం లెక్క కూడా ముందే వేసుకోండి. 12 డిగ్రీల ప్లేటో వర్ట్ (పులియబెట్టకముందు రసం, బరువులో 12 శాతం సారం ఉన్నది) 100 లీటర్లలో దాదాపు 12.6 కిలోల సారం ఉంటుంది. గింజ నుంచి మొత్తం మీద 70 శాతం రాబట్టగలిగితే 18 కిలోల జొన్న కావాలి. రోజుకు 1,000 లీటర్లు, నెలకు 25 రోజులు అంటే నెలకు 4.5 టన్నులు, ఏడాదికి 54 టన్నులు. మాల్ట్ చేస్తే అందులో నష్టం 20 శాతం వేసుకుని దాదాపు 68 టన్నులు. హెక్టారుకు టన్నున్నర నుంచి రెండు టన్నులు పండితే మాల్ట్ లేకుండా 27 నుంచి 36 హెక్టార్లు. రైతులతో ఒప్పందం చేసుకునేటప్పుడు ఒకే రకం విత్తనం మీరే ఇవ్వండి. తెల్ల రకాన్ని పిట్టలు బాగా తింటాయి, అందుకే రైతు మనసు ఎర్రదాని వైపు పోతుంది. ఆ నష్టానికి ధరలో కొంత కలపకపోతే రెండో ఏడు మీకు కలగలుపు గింజలే వస్తాయి. బ్లీచ్ పరీక్షలో నల్లగా తేలేవి అవే.

మీ రెండో ప్రశ్నకు, అంటే పెరుగుదలకు, నా అంచనా ఇది. చిక్కటి బీరు దాని సొంత నేల దాటి పెద్దగా పోదు, అక్కడ మాత్రం నిల్వ ఉండే రకాలకు చోటు పెరుగుతుంది. తక్కువ ధర లాగర్ ప్రభుత్వం ఎంతకాలం రాయితీ ఇస్తే అంతకాలం పెరుగుతుంది. గ్లూటెన్ లేనిది నెమ్మదిగా, కానీ ధర మీద పట్టుతో పెరుగుతుంది. అందులో జొన్నకు ఇతర చిరుధాన్యాలు, బియ్యం, బక్‌వీట్ (పేరులో గోధుమ ఉన్నా గ్లూటెన్ లేని గింజ) పోటీ ఉన్నాయి. నిజానికి ఇవి కొంచెం కొంచెం కలిపితే జొన్న ఒక్కదానితో చేసినదాని కన్నా రుచి బాగుంటుంది. నేనైతే వెయ్యి లీటర్ల సామాను ఇప్పుడే కొనమనను. 200 లీటర్ల సామానుతో, టానిన్ లేని తెల్ల జొన్న అర టన్నుతో మొదలుపెట్టండి. ఒక్కో విడతకు 36 కిలోల చొప్పున అది 13 విడతలకు సరిపోతుంది. మొదటి ఏడు విడతలు మాషింగ్ కుదుర్చుకోవడానికి, మిగిలిన ఆరూ వారానికొకటి చొప్పున పైన చెప్పిన ఆరువారాల అమ్మకానికి వాడండి.